ఉద్దానం గీటురాయిపై సాంఘిక మనశ్శాస్త్రం

మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఒక తీరున, నలుగురిలో ఉన్నప్పుడు మరొక తీరున ప్రవర్తిస్తాడన్నది శాస్త్రజ్ఞులు చెప్పేదాకా ఎవరికీ తెలియని సంగతి కాదు. పెళ్ళిపందిట్లోను, వారపు సంతలోను, రచ్చబండ దగ్గర తగవు తీర్చేటప్పుడు ప్రతివారూ దీన్ని చూస్తూనే ఉంటారు. ఇట్లా చూచినదాన్ని కొలిచి, దానికి కారణం వెదకి, ఆ కారణం మరొకచోట కూడా అట్లాగే పనిచేస్తుందో లేదో పరీక్షించే శాస్త్రమే సాంఘిక మనశ్శాస్త్రం. 1908లో ఇదే పేరుతో మెక్‌డూగల్ ఒక గ్రంథాన్ని, రాస్ మరొక గ్రంథాన్ని వెలువరించారు. మన దేశంలో రాధాకమల్ ముఖర్జీ, నరేంద్రనాథ్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఆచార్యులు 1928 నాటికే ఈ విషయంమీద ఒక పాఠ్యగ్రంథాన్ని రచించారు. కాబట్టి ఇది నిన్న మొన్న దిగుమతి అయిన విద్య అనడానికి వీలులేదు.

ఈ శాస్త్రాన్ని ఎం.ఎ. స్థాయిలో చదవదలచిన విద్యార్థి ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. బి.ఎ. తరగతిలో ఫలితాలు నేర్పుతారు: ఫలానా ఆచార్యుడు ఫలానా సంవత్సరంలో ఫలానా ప్రయోగం చేశాడు, ఫలితం ఇది అని. స్నాతకోత్తర విద్యలో నేర్వవలసినది వేరు. ఆ ఫలితాన్ని ఎట్లా రాబట్టారు, ఎవరిమీద రాబట్టారు, ఎంతవరకు నమ్మవచ్చు, ఏ ఊళ్ళో అది చెల్లదు అన్న ప్రశ్నలు అక్కడ మొదలుకావాలి. పరీక్షకోసమే సాగే చదువులో ఈ రెండవ మెట్టు ఎక్కకుండానే పట్టం చేతికి వస్తున్నది. అప్పుడు ఎం.ఎ. అంటే మరికాస్త పొడవైన బి.ఎ. మాత్రమే అవుతుంది.

పాఠ్యగ్రంథంలోని సిద్ధాంతం మేలిమిదో కాదో తెలియాలంటే గీటురాయి కావాలి. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న ఉద్దానం అట్టి గీటురాయి. ఉద్యానమనే మాటనుంచే ఆ పేరు వచ్చిందంటారు. పలాసనుంచి ఇచ్ఛాపురం దాకా, రైలుమార్గానికీ సముద్రానికీ నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేల అది. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమ ఉంది. టెక్కలి దీనికి దక్షిణాన కొద్ది దూరంలోనే ఉన్నది. ఈ పచ్చని నేలమీద 1990లనాటినుంచి ఒక మూత్రపిండాల జబ్బు వ్యాపించి ఉన్నట్లు వైద్యులు గుర్తిస్తూ వచ్చారు. మధుమేహం లేనివారికి, రక్తపోటు అంతకుముందు ఎన్నడూ లేనివారికి కూడా మూత్రపిండాలు మెల్లమెల్లగా చెడిపోవడం దీని లక్షణం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో ఇది విస్తారంగా కనిపిస్తుంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటలలోను ఇటువంటి జబ్బే ఉంది. ఎండలో శ్రమించి తగినంత నీరు తాగకపోవడం, భూగర్భజలంలోని పదార్థాలు, పురుగుమందులు, నొప్పిమాత్రలు, వంశలక్షణం - ఇట్లా పలు కారణాలను అనుమానించారు. ఏదీ ఇంతవరకు నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

రక్తాన్ని వైద్యులు పరీక్షిస్తారు, నీటిని రసాయనశాస్త్రజ్ఞులు పరీక్షిస్తారు. కాని కారణం తెలియని జబ్బు ఒక ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తే అక్కడి మనుషుల మధ్య ఏమి జరుగుతుంది? భయం ఎట్లా ప్రయాణం చేస్తుంది? నింద ఎవరిమీద పడుతుంది? ఎవరి మాట నమ్ముతారు? ఇవి సాంఘిక మనశ్శాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్నలు. ఆ శాస్త్రం చేతిలో ఏమున్నదో చూడవలె.

లియాన్ ఫెస్టింగర్ 1957లో ప్రచురించిన గ్రంథాన్ని ప్రస్తావించకుండా ఏ విశ్వవిద్యాలయంలోనూ ఈ పాఠం సాగదు. అందులోని సిద్ధాంతాన్ని తెలుగులో సంజ్ఞానాత్మక వైరుధ్యం అంటున్నారు. పేరు బరువుగా ఉన్నా భావం తేలిక. ఒకదానికొకటి పొసగని రెండు భావాలు మనస్సులో చేరితే మనిషికి ఇబ్బంది కలుగుతుంది. ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికి అతడు రెండింటిలో ఒకదాన్ని మార్చుకొంటాడు, లేదా రెండూ పొసగేటట్లు చేసే మూడవ భావాన్ని చేర్చుకొంటాడు. చుట్ట కాల్చడం ప్రాణాంతకమని తెలిసి కూడా కాల్చేవాడు "మా తాత తొంభై ఏళ్ళు కాల్చాడు" అనడం ఇటువంటిదే.

ఈ సిద్ధాంతపు పుట్టుక మన దేశంతో ముడిపడి ఉన్నదని తెలిసిన విద్యార్థులు తక్కువ. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చింది. ఆ తరవాత జనంలో పుట్టిన వదంతులను జమునా ప్రసాద్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు సేకరించి 1935లో వ్యాసం ప్రకటించాడు. భూమి కదలినట్లు తెలిసి, నష్టం మాత్రం జరగని చోట పుట్టిన వదంతులవి. విచిత్రమేమంటే అవి ఊరటనిచ్చేవి కావు. గ్రహణంనాడు మరొక భూకంపం వస్తుందని, పెనుతుఫాను వస్తుందని, ఇంకా పెద్ద అనర్థాలే జరగబోతున్నాయని జనం చెప్పుకొన్నారు. భయపడినవారు మరింత భయపెట్టే కబుర్లను ఎందుకు నమ్మాలి? ఫెస్టింగర్‌ను ఈ ప్రశ్న పట్టుకొన్నది. భయం ఉన్నది, భయానికి తగిన కారణం కంటికి కనిపించడం లేదు. కాబట్టి ఆ భయానికి తగిన కారణాన్ని వారు కల్పించుకొంటున్నారని అతడు వ్యాఖ్యానించాడు. డార్జిలింగులో కొండచరియలు విరిగిపడినప్పుడు దుర్గానంద్ సిన్హా చేసి 1952లో ప్రకటించిన పరిశీలన అతనికి ఎదురు సాక్ష్యంగా ఉపకరించింది. అక్కడి జనం నష్టాన్ని కళ్ళారా చూచారు. వారిలో అట్టి భయంకర భవిష్యవాణులు పుట్టలేదు.

ఇంతవరకు వాదం అందంగా ఉన్నది. అయినా ఎం.ఎ. విద్యార్థి ఇక్కడ ఆగి అడగవలసినవి ఉన్నాయి. బీహారు, డార్జిలింగు రెండూ వేరు వేరు ప్రదేశాలు, వేరు వేరు ఉపద్రవాలు. సంవత్సరాల తేడా పదహారు. ఈ రెంటి నడుమ నష్టాన్ని కళ్ళతో చూచారా లేదా అన్న ఒక్కటే భేదమా? జమునా ప్రసాద్ తాను సేకరించిన వదంతులకు వైరుధ్యమనే వ్యాఖ్య చెప్పలేదు. సమూహానికి కలిగిన ఆందోళనను, జనంలో తరతరాలుగా ఉన్న నమ్మకాలను అతడు ప్రధానంగా చూచాడు. పాఠ్యగ్రంథాలలో సాధారణంగా మిగిలినది ఫెస్టింగర్ వ్యాఖ్యే. సేకరించినవాని పేరు అడుగున చిన్న అక్షరాలకు దిగిపోయింది.

ఇదే ప్రశ్నను ఉద్దానంలో ఒక ప్రదేశంలోనే, ఒక జబ్బు విషయంలోనే పరీక్షించవచ్చు. ఇంటింటా రోగి ఉన్న గ్రామాలు ఒకవైపు, జబ్బు అంతగా లేని టెక్కలి వైపు గ్రామాలు మరొకవైపు ఉన్నాయి. ఫెస్టింగర్ చెప్పినదే నిజమైతే, జబ్బును గూర్చిన ఘోరమైన కబుర్లు కవిటిలోకంటే టెక్కలిలో ఎక్కువగా వినిపించాలి. అబద్ధమైతే అట్లా వినిపించకూడదు. సిద్ధాంతాన్ని ఇట్లా ఓడిపోవడానికి వీలుండే చోట నిలబెట్టడమే పరిశోధన. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను కూడా ఇటువంటి అవకాశాన్నే ఇచ్చింది. తోట నేలకొరిగినవాడు, గాలిని మాత్రం విన్నవాడు ఒకే మండలంలో ఉన్నారు.

సిద్ధాంతానికి ఆధారమైన ప్రయోగాన్ని కూడా దగ్గరనుంచి చూడాలి. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని 71 మంది మగ విద్యార్థులచేత గంటసేపు విసుగు పుట్టించే పని చేయించారు. దారపు కండెలను పళ్ళెంలో పెట్టడం, తీయడం. మేకులను కొద్దికొద్దిగా తిప్పడం. తరవాత కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, ఈ పని చాలా ఇంపుగా ఉన్నదని తరవాత వచ్చే మనిషితో చెప్పించారు. చివరకు పని నిజంగా ఎట్లా ఉన్నదని అడిగితే, 20 డాలర్లు పుచ్చుకొన్నవారికంటే ఒక్క డాలరు పుచ్చుకొన్నవారే బాగున్నదన్నారు. ఒక్క డాలరు కోసం అబద్ధమాడానన్న ఇబ్బందిని, "కాదు, నిజంగానే బాగున్నది" అనే భావంతో వారు తొలగించుకొన్నారన్నమాట. ఈ కథ తరగతిలో చెప్పగానే విద్యార్థుల ముఖాలు వికసిస్తాయి. కాని 71 మందిలో 11 మంది జవాబులను పక్కన పెట్టారని, చివరకు ఒక్కొక్క జట్టులో మిగిలినది 20 మందేనని కూడా చెప్పాలి. ఈ సిద్ధాంతపు మరొక ప్రయోగరూపాన్ని 39 ప్రయోగశాలలు కలిసి 4,898 మందిమీద తిరిగి చేసి 2024లో ఫలితాలు ప్రకటించాయి. తమ అభిప్రాయానికి విరుద్ధమైన వ్యాసం రాసినవారి అభిప్రాయం కొంత మారిన మాట నిజమే. అయితే సిద్ధాంతం చెప్పినట్లు, స్వేచ్ఛగా ఒప్పుకొని రాసినవారిలో ఎక్కువగా, బలవంతాన రాసినవారిలో తక్కువగా మారలేదు. స్వేచ్ఛ ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే.

స్వేచ్ఛ అన్న ఈ మాట దగ్గరే ఉద్దానం గట్టిగా గీసి చూపిస్తుంది. ఊరి బావి నీరు మంచిది కాదని విని కూడా అదే తాగే రైతు ఉన్నాడనుకొందాం. "మా తాతలు తాగిన నీరే గదా బాబూ" అని అతడంటే, పరీక్షకు చదివిన విద్యార్థి వెంటనే కాగితంమీద వైరుధ్యం అని రాసుకొంటాడు. ఆ ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు. మరొక నీరు ఆ ఇంటికి దొరుకుతున్నదా? నీటివల్లనే జబ్బు వస్తున్నదని ఎవరైనా రుజువు చేశారా? మొదటిదానికి లేదు అన్నది జవాబైతే ఇక్కడ ఎన్నుకోవడమన్నదే లేదు. రెండవదానికి జవాబు ఇంతవరకు లేదనే. అప్పుడు రైతు మాట ఆత్మవంచన కాకపోవచ్చు. నిర్ధారణ కాని విషయాన్ని నమ్మకపోవడమే కావచ్చు. శాస్త్రజ్ఞుడు అదే పని చేస్తే సంశయం అని మెచ్చుకొంటారు, రైతు చేస్తే మూఢత్వం అంటారు. హీరమండలం జలాశయంనుంచి ఉద్దానానికి నీరు తెచ్చే పథకం 2023లో ప్రారంభమైన తరవాతనే ఎన్నుకోవడం అన్న ప్రశ్నకు కొంత అర్థం ఏర్పడింది.

కారణాన్ని ఎవరిమీద మోపుతారన్న విషయంలో శాస్త్రం మరికొంత మెరుగైన పనిముట్లు ఇస్తుంది. ఎదుటివాని ప్రవర్తనకు అతని స్వభావమే కారణమని అనుకొని, అతని పరిస్థితులను చిన్నచూపు చూడడం మనుషులకు అలవాటని లీ రాస్ 1977లో రాశాడు. దీన్ని ఒక మౌలిక దోషమన్నాడు. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు చికాగోవారిని, మైసూరువారిని పోల్చి 1984లో ప్రకటించిన పరిశోధన ఈ మౌలికమనే విశేషణాన్ని కొంత కదిలించింది. వయోజనులలో అమెరికావారు మనిషి గుణాన్ని ఎక్కువగా ఎత్తి చూపగా, మైసూరువారు సందర్భాన్ని, సంబంధాలను ఎక్కువగా చెప్పారు. అంతమాత్రాన భారతీయులు ఎవరినీ నిందించరని సంబరపడనక్కరలేదు. లోకంలో ఎవరికి తగినది వారికి దక్కుతుందన్న విశ్వాసాన్ని కాపాడుకోవడానికి బాధితునిలోనే తప్పు వెదకుతారని మెల్విన్ లెర్నర్ 1960లలో ప్రయోగపూర్వకంగా చూపాడు. కర్మ అన్న మాట చేతికి అందుబాటులో ఉన్న దేశంలో ఈ పని ఇంకా సులువు. ఉద్దానం రోగి విషయంలో అది కొత్త వేషం వేసుకొంటుంది: సరిగా నీళ్ళు తాగడు, నొప్పిమాత్రలు మింగుతాడు, మందులు వాడడు. ఇవి వైద్యులు నిజాయితీగా పరిశీలించవలసిన అనుమానాలే. కాని అనుమానం ఉపదేశంగా మారినప్పుడు, జీడితోటలో ఎండకు పనిచేసే కూలీ నొప్పిమాత్ర ఎందుకు మింగుతున్నాడన్న ప్రశ్న పోయి, మింగాడన్న నేరం మిగులుతుంది. మాత్ర మింగితేనే మరునాటి కూలి దక్కుతుందన్నది ప్రశ్నావళిలో ఎక్కడా చోటుచేసుకోదు.

ఇక కళంకం. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఈ విషయంమీద రాసిన గ్రంథం నేటికీ చదవదగినదే. కళంకం రోగి దగ్గర ఆగక, అతనితో సంబంధమున్నవారికి కూడా అంటుతుందని అతడు గుర్తించాడు. అయితే ఉద్దానంలో కళంకం మనిషినుంచి ఇంటికి, ఇంటినుంచి ఊరికి, ఊరినుంచి నేలకు పాకింది. ఉద్దానానికి పిల్లనివ్వడానికి, అక్కడి పిల్లను చేసుకోవడానికి బయటివారు వెనుకాడుతున్నారని పత్రికలు అనేక పర్యాయాలు రాశాయి. ఒంట్లో ఏ జబ్బూ లేని యువతికి పుట్టిన ఊరి పేరే అడ్డం వస్తున్నది. గాఫ్‌మన్ ఎదుట ఉన్నది ఒక్కొక్క మనిషి కలిసి మాట్లాడుకొనే సమాజం. కులం, గోత్రం, ఊరు, మేనరికం ఇవన్నీ కలిసి మాట్లాడే సంబంధాల సమాజం అతని ఎదుట లేదు. ఇది అతని లోపం కాదు. దాన్ని పూరించకుండా అతని నిర్వచనాన్ని మాత్రం వల్లెవేయించే చదువుది లోపం.

పెళ్ళి విషయంలో ఒక పాత పరిశోధన గుర్తుకు తెచ్చుకోవచ్చు. 1930లలో లపియర్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక చైనా దంపతులతో కలిసి దేశమంతా తిరిగి, 251 హోటళ్ళలో, భోజనశాలల్లో ప్రవేశించాడు. చైనావారిమీద అక్కడ ద్వేషం బలంగా ఉన్న రోజులవి. అయినా ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. తరవాత అతడు ఆ సంస్థలకే ఉత్తరాలు రాసి, చైనావారిని రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో నూటికి 90 మందికి పైగా రానివ్వమన్నారు. మాట కఠినం, చేత మెత్తన. ఉద్దానంలో ఇది తలకిందులు కావచ్చు. "ఉద్దానం సంబంధం వస్తే చేసుకొంటారా" అని టెక్కలిలో ఒక పెద్దమనిషిని అడిగితే, "దానికేముందండీ, జబ్బు ఎవరికి రాదు" అనే అవకాశమే ఎక్కువ. సంబంధం నిజంగా వచ్చిననాడు జాతకం కుదరలేదని కబురు వస్తుంది. కాబట్టి ఇక్కడ అభిప్రాయాలను ఎంత జాగ్రత్తగా కొలిచినా ప్రయోజనం స్వల్పం. గ్రామాలలో గత ఇరవై ఏళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు ఏ ఊళ్ళతో జరిగాయి, దూరపు ఊళ్ళ సంబంధాలు తగ్గాయా, ఉద్దానంలోపలి సంబంధాలు పెరిగాయా అని లెక్కవేస్తే, మనుషులు చెప్పని సంగతి ఆ జాబితా చెబుతుంది.

మూకను గూర్చిన అధ్యాయం పాఠ్యగ్రంథాలలో ఎక్కువగా పాతబడినది. 1895లో ల బాన్ రాసిన పుస్తకం నాటినుంచి, గుంపులో చేరిన మనిషి బుద్ధిని ఇంటిదగ్గర వదలివస్తాడన్న అభిప్రాయం పాతుకొనిపోయింది. బ్రిస్టల్ నగరంలో 1980లో జరిగిన అల్లర్లను పరిశీలించి స్టీఫెన్ రైకర్ 1984లో దీన్ని ఖండించాడు. గుంపు తాము ఎవరమన్న ఎరుకతో, హద్దులు ఏర్పరచుకొనే ప్రవర్తించిందని అతడు చూపాడు. ఇంత దూరం పోకుండానే ఉదాహరణలు దొరుకుతాయి. సోంపేట దగ్గరి బీల భూములలోను, టెక్కలికి చేరువలోని కాకరాపల్లి తంపర భూములలోను బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల ప్రతిపాదనలకు ఎదురుగా రైతులు, మత్స్యకారులు నెలల తరబడి నిరాహారదీక్షలు సాగించారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం కలిగింది. సోంపేటలో కాల్పులు జరిగిన రోజునే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దుచేసింది. బుద్ధి లేని మూక అనుమతి చెల్లదని వాదించగా, అదే మాట న్యాయస్థానంవంటి సంస్థ కూడా చెప్పిందంటే, మూక నిర్వచనంలో ఏదో పొరపాటు ఉన్నట్లే గదా.

అన్నిటికంటె చిక్కు కొలతలో ఉన్నది. లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన కొలబద్ద నేడు ప్రతి విద్యార్థి సంచిలోనూ ఉంటుంది: పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, బొత్తిగా అంగీకరించను. కాశీబుగ్గ పరిశ్రమలో జీడిపప్పు పొట్టు తీసే స్త్రీకి దీన్ని చదివి వినిపిస్తే ఏమవుతుంది? ఎంత పప్పు వలిస్తే అంత కూలి అయిన చోట అరగంట ప్రశ్నలంటే అరగంట కూలి. కాబట్టి ఆమె తొందరగా ముగిసే జవాబునే ఇస్తుంది. కాగితం, కలం పట్టుకొని వచ్చినవాడు ప్రభుత్వపు మనిషేమోనన్న అనుమానం ఒకటి. డయాలసిస్ రోగులకు 2019నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఉన్నది. ఎవరు ఏమడిగినా దానికీ పింఛనుకూ సంబంధం ఉంటుందేమోనని జనం తలచడం సహజం. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉన్నవారు జబ్బును దాస్తారు. పింఛను కావలసినవారు దాచరు. ఒకే ప్రశ్నకు వచ్చే రెండు జవాబులూ జబ్బును గూర్చి చెప్పక, ఇంటి అవసరాన్ని గూర్చి చెబుతాయి.

భాష సంగతి మరొకటి. ఆంగ్ల ప్రశ్నావళిని తెలుగు చేసి, ఆ తెలుగును వేరొకరిచేత తిరిగి ఆంగ్లంలోకి మార్పించి సరిచూడాలని బ్రిస్లిన్ 1970లో ఒక పద్ధతి చెప్పాడు. మంచి పద్ధతే. కాని రెండుసార్లు సరిగా అనువదించినా అర్థం జారిపోవచ్చు. రోజెన్‌బర్గ్ 1965లో తయారుచేసిన పది వాక్యాల కొలబద్ద సెల్ఫ్ ఎస్టీమ్ అనేదాన్ని కొలుస్తుంది. అంటే తన విలువను తాను ఎంతగా తలచుకొంటాడో కొలుస్తుంది. దీన్ని తెలుగులో ఆత్మగౌరవం అంటారు. నిఘంటువు ప్రకారం తప్పులేదు. కాని ఆత్మగౌరవమనే మాట తెలుగువారికి ఒకరి ముందు తలవంచకపోవడాన్ని, పరువును, 1982 తరవాతనైతే ఒక రాజకీయ నినాదాన్ని స్ఫురింపజేస్తుంది. అమెరికన్ విద్యార్థి తనను తాను చూచుకొని జవాబిస్తాడు, ఉద్దానం రైతు ఊరి కళ్ళతో చూచుకొని జవాబిస్తాడు. అట్లాగే ఒత్తిడి అన్న మాట పుస్తకాలది. ఊళ్ళో ఉన్నవి దిగులు, బెంగ, మనాది. ఆ మూడూ ఒకటి కావు. పైగా ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. అక్కడ తెలుగు ప్రశ్నావళి కూడా ఒక పరాయి కాగితమే.

ఎవరిని అడిగారన్నది ఇంకొక ప్రశ్న. పలాసలోనో, సోంపేటలోనో డయాలసిస్ యంత్రం పక్కన దాదాపు నాలుగు గంటలు కదలకుండా పడుకొనే రోగి విద్యార్థికి బహు సులువుగా దొరుకుతాడు. కాని అక్కడికి వచ్చినవాడు జబ్బును ఒప్పుకొన్నవాడు, ప్రయాణపు ఖర్చు భరించగలిగినవాడు. దాచుకొన్నవారు, మానుకొన్నవారు ఆ నమూనాలో లేరు. కళంకాన్ని కొలవడానికి కళంకానికి భయపడనివారినే అడిగినట్లవుతుంది. అంతేకాక, లేచిపోవడానికి వీలులేనివానిని సమ్మతి అడగడం ఎంతవరకు సమ్మతి అన్నది నీతిశాస్త్రపు ప్రశ్న కూడా.

ఈ జబ్బు ఒక్క ఉద్దానంలో చేసే పరిశోధనలకే అంటినది కాదు. అమెరికాలో వెలువడే ప్రముఖ మనశ్శాస్త్ర పత్రికలలోని పరిశోధనలను ఆర్నెట్ 2008లో పరిశీలించగా, ప్రయోగాలకు లోనైనవారిలో నూటికి 96 మంది పాశ్చాత్య సంపన్న దేశాలవారే. 2010లో హెన్రిక్, మరి ఇద్దరు పరిశోధకులు, ప్రపంచ జనాభాలో నూటికి 12 మంది మాత్రమే ఉన్న ఆ దేశాలనుంచి మానవజాతి మొత్తానికి సూత్రాలు కట్టడం చెల్లదని వాదించారు. 2015లో వంద ప్రసిద్ధ పరిశోధనలను తిరిగి చేసి చూస్తే, మూడింట ఒక వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే నిలిచాయి. సాంఘిక మనశ్శాస్త్రంలోనైతే నాలుగింట ఒక వంతే. దీన్ని చూచి ఈ శాస్త్రమే బూటకమనేవారు ఉన్నారు. అది తొందరపాటు. తన లెక్క తానే తిరిగి వేసి, తప్పినవాటి జాబితా తానే అచ్చువేసిన విద్యను బూటకమనడం న్యాయం కాదు. తప్పిన జాబితా వెలువడిన తరవాత కూడా పాత పాఠాన్నే చెప్పుకొంటూ పోతే మాత్రం ఆ మాట పడవలసి వస్తుంది.

ఎం.ఎ. చదువులో మొదటి సంవత్సరం సిద్ధాంతాలకు, రెండవ సంవత్సరం చివరలో కొద్ది నెలలు పరిశోధన వ్యాసానికి కేటాయించడం సాధారణమైన ఏర్పాటు. ఆ కొద్ది నెలలలో విద్యార్థికి దొరికేది తోటి విద్యార్థే. అందుకే వంద మంది కళాశాల విద్యార్థులకు అచ్చువేసిన ప్రశ్నావళి పంచిపెట్టి, సగటులు కట్టి, అట్ట వేయించి ఇచ్చేస్తారు. స్టాన్‌ఫర్డ్ లోపమే విశాఖపట్నం, హైదరాబాదు ముద్రతో తిరిగి వస్తుంది. ఈ ఏర్పాటును తలకిందులు చేయవచ్చు. మొదటి సంవత్సరంలోనే విద్యార్థిని ఒక ఊరికి పంపి, ప్రశ్నలేవీ అడగవద్దని, విన్న మాటలు మాత్రం ఎవరన్నారో, ఎక్కడ అన్నారో, ఎవరి ఎదుట అన్నారో రాసుకొమ్మని చెప్పాలి. 1934లో వదంతులను సేకరించినవాడు చేసినది దాదాపు ఇదే. రెండవ సంవత్సరంలో ఆ మాటలనుంచే ప్రశ్నలు తయారుచేస్తే, కనీసం ప్రశ్నలోని మాటలు ఊరివై ఉంటాయి.

ఉన్నత పాఠశాలలలో కూడా దీనికి చోటున్నది. మందసలోనో, వజ్రపుకొత్తూరులోనో పదవ తరగతి ఉపాధ్యాయుడు ఒక నెలపాటు పిల్లలచేత నీటిని గూర్చి, జబ్బును గూర్చి ఇంటా బయటా విన్న మాటలను పేర్లు లేకుండా రాయించి, వాటిలో చూచి చెప్పినవి ఎన్ని, విని చెప్పినవి ఎన్ని అని వేరు చేయించవచ్చు. పేర్లు లేకుండా అన్న మాటను మాత్రం గట్టిగా పాటించాలి. ఎందుకంటే ఆ తరగతిలోనే డయాలసిస్‌కు వెళ్ళే తండ్రి ఉన్న పిల్లవాడు, పెళ్ళి కుదరని అక్క ఉన్న పిల్ల కూర్చొని ఉంటారు.